మాట అందించిన అత్తయ్య

మా అత్తయ్యకు ఇంగ్లీషు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, "దుప్పట్లు ఉతకగా ఉతకగా వచ్చింది" అంటుంది. నవ్వులాటకు అన్నట్టుంటుంది గానీ అందులో అబద్ధం లేదు. ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో చాలా ఏళ్లు పనిచేసింది. ఆ ఇంగ్లీషు నేర్పింది లాండ్రీకి పెద్దగా ఉన్న మేడమ్. ఈ కథ వాళ్లిద్దరిదీ. మొదటి సంగతులు నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందువి. అత్తయ్య, మామయ్య పోటీలుపడి చెప్పగా విన్నాను. తరవాతివి నా కళ్లతో చూశాను.

మామయ్య సరుకుల వ్యాను నడిపేవారు. చూపు మందగించి, ఎదురొచ్చే బండి ఒకటో రెండో తెలియని స్థితికి వచ్చాక ఆయనే తాళాలు యజమానికి ఇచ్చేసి ఇంటికొచ్చారు. "ఇవాళ్టి నుంచి నేను గరిటె తిప్పుతాను. నువ్వు బయటికెళ్లి ఏదైనా తిప్పు" అన్నారట అత్తయ్యతో. అప్పటికి ఆవిడకు నలభై దాటాయి. గుమ్మం దాటి ఉద్యోగం చేసిన మనిషి కాదు. తెలిసినవాళ్ల ద్వారా లాండ్రీలో పని దొరికింది.

ఆ లాండ్రీ ఆసుపత్రి భవనం అడుగున ఉంటుంది. గుండ్రటి అద్దాల తలుపులున్న పెద్ద పెద్ద డ్రమ్ములు ఒక వరసలో తిరుగుతూ ఉంటాయి. పక్కన ఆరబెట్టే యంత్రాలు. మధ్యలో రోలరు. తడి దుప్పటిని ఒకవైపు నుంచి అందిస్తే అటువైపు వెచ్చగా, అప్పడంలా సాపుగా బయటికొస్తుంది. అందించేటప్పుడు ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని, ఒకే ఊపులో సాగదీసి పెట్టాలి. ఒకరు వెనకబడితే దుప్పటి వంకరపోతుంది, ముడతపడుతుంది, మళ్లీ నీళ్లలో వెయ్యాలి. కొత్తలో అత్తయ్య వెనకబడింది. ఆవిడ పట్టుకున్న కొసను కూడా జోడీగా ఉన్నామె సర్దాల్సి వచ్చేది.

మేడమ్‌ది పుట్టుకతోనే ఇంగ్లీషు. ఉద్యోగం కోసం వేరే చోటు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. పొడుగ్గా, నిటారుగా, చెవి మీద పెన్సిలుతో తిరిగేది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరని లాండ్రీలో చెప్పుకునేవారు. ఒకరోజు రోలరు దగ్గర ఆగి, అత్తయ్యను కిందనుంచి పైదాకా చూసి, "యూ మస్ట్ పుల్ యువర్ వెయిట్" అని వెళ్లిపోయింది.

అత్తయ్య ఆ మాటను మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. పుల్ అంటే లాగడం అని తలుపుల మీద చూసి తెలుసు. వెయిట్ అంటే బరువని మామయ్య వ్యాను రోజుల నుంచీ తెలుసు. ఈ బరువు లాగెయ్యాలి అంటే ఏమిటి? లావుగా ఉన్నావు, తగ్గు అని. అత్తయ్య మరీ సన్నం కాదు. ఎదురుగా ఎవరూ ఆ మాట అనలేదు గానీ, అన్నా తప్పులేదు. ఉక్రోషమొచ్చింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం అంతకంటే ఎక్కువ వచ్చింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం మానేసింది.

డబ్బా పట్టుకెళ్లినది పట్టుకెళ్లినట్టే తిరిగొస్తోంది. వంట కొత్తగా నేర్చుకున్న మామయ్యకు అది పెద్ద అవమానం.

"నా వంట అంత అన్యాయంగా ఉందా?"

"ఆకలి లేదండీ."

"వ్యాను నడిపిన చేతులు కదా, పెట్రోలు కంపు కొడుతోందేమో! చెప్పు, ఫరవాలేదు."

"అబ్బ, వంటకేమీ ఢోకా లేదు. నాకే సయించడం లేదు."

ఇలా కొన్నాళ్లు గడిచాక, ఒక మధ్యాహ్నం రోలరు వేడికి కళ్లు బైర్లు కమ్మి అత్తయ్య దుప్పటి కొస చేతిలో ఉండగానే కూలబడిపోయింది. జోడీ ఆమె ఎర్ర మీట నొక్కి యంత్రం ఆపింది. తెలివి వచ్చేసరికి తల మేడమ్ ఒళ్లో ఉంది. ఆవిడ ఒక చేత్తో నీళ్లు తాగిస్తూ, ఇంగ్లీషులో గబగబా ఏదో అడుగుతోంది. మడతల బల్ల దగ్గర పనిచేసే పెద్దాయన ఒకరుండేవారు. అందరూ మడతల బాబాయి అనేవారు. రెండు భాషలూ వచ్చు. ఆయన మధ్యలో కూర్చుని తెలుగు చేశాడు.

"పొద్దున్నుంచి ఏం తిన్నావని అడుగుతోందమ్మా."

"ఏమీ తినలేదు బాబాయ్."

"ఎందుకంటోంది?"

"ఎందుకేమిటి? బరువు తగ్గమని ఆవిడే కదా చెప్పింది!"

బాబాయి ఆ మాట ఇంగ్లీషులోకి మార్చబోయి, మధ్యలో విషయం అర్థమై, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. తరవాత నిదానంగా చెప్పాడు. "ఒంటి బరువు కాదమ్మా. పదిమంది కలిసి బండి లాగుతుంటే నీ వంతు నువ్వు లాగాలి అని. ఎవరి పాలు వాళ్లు చెయ్యాలని దానర్థం." మేడమ్‌కు కూడా సంగతి తెలిసింది. ఆవిడ ముఖం కందగడ్డ అయిపోయింది. మాసిన దుప్పట్ల కుప్ప మీదే చతికిలబడి, "సారీ, సారీ" అని ఎన్నిసార్లు అందో. అత్తయ్య మాత్రం లేచి కూర్చుని, "అయితే ఆవిడన్నది నిజమే బాబాయ్. నా వంతు కూడా జోడీ ఆమే లాగుతోంది. నాకు సరిగ్గా నేర్పమని చెప్పండి, నేర్చుకుంటాను" అంది.

మర్నాడు మేడమ్ తన డబ్బా తెచ్చుకుని అత్తయ్య పక్కన బల్ల మీద కూర్చుంది. అత్తయ్య తినేదాకా తను తినలేదు. భోజనం అయ్యాక రోలరు దగ్గరికి తీసుకెళ్లి, కొస ఎక్కడ పట్టాలో, బొటనవేలు ఎలా ఉంచాలో, ఎప్పుడు వదలాలో చెయ్యి పట్టి చూపించింది. ఒక్కరోజుతో వదల్లేదు, అత్తయ్యకు చెయ్యి తిరిగేదాకా చూపించింది. పెద్ద హోదాలో ఉన్న మనిషి, మధ్యాహ్నం కూర్చుని కాళ్లు చాపుకునే ఆ కాస్త తీరికా తనకోసం పెట్టిందని అత్తయ్య ఇప్పటికీ తలుచుకుంటుంది.

ఆ భోజనాల దగ్గరే ఒక ఒప్పందం కుదిరింది. రోజుకో ఇంగ్లీషు మాట మేడమ్ చెప్పాలి, దానికి బదులు ఒక తెలుగు మాట అత్తయ్య ఇవ్వాలి. ఇద్దరికీ పని తప్ప మరో లోకం లేదు కాబట్టి ఆ మాటలన్నీ పని గురించే. మొదట్లో బాబాయి లేకపోతే నడిచేది కాదు. "కట్ కార్నర్స్" చెయ్యొద్దని మేడమ్ అంటే, దుప్పటి మూలలు ఎవరో కత్తిరిస్తున్నారనుకుని అత్తయ్య దొంగను పట్టడానికి ప్రతి దుప్పటీ నాలుగు మూలలూ చూస్తూ కూర్చుంది. అడ్డదారులు తొక్కి పని తేల్చెయ్యొద్దని అర్థమట. ఒకసారి ఒక తలగడ గలీబు మీద మరక పోకపోతే, దీనికి "ఎల్బో గ్రీజ్" కావాలంది మేడమ్. అత్తయ్య స్టోరు గదికి వెళ్లి ఆ గ్రీజు డబ్బా ఒకటి ఇమ్మని అడిగింది. స్టోరు ఆయన నవ్వు ఆపుకుని అంబులెన్సు షెడ్డుకు పంపాడు. షెడ్డులో మెకానిక్ నిజంగానే ఇంత గ్రీజు మూత నిండా తీసిచ్చాడు. దాన్ని పదిలంగా పట్టుకొచ్చి మేడమ్ ముందు పెట్టింది. మోచేయి అరిగేలా రుద్దమని చెప్పిన మాటకు మోటారు గ్రీజు వచ్చింది చూసి మేడమ్ పగలబడి నవ్వింది. డ్రమ్ముల దగ్గరి వాళ్లు యంత్రాలు వదిలి చూడ్డానికొచ్చారట, నిజంగా నవ్వుతోంది ఆవిడేనా అని.

మేడమ్ తక్కువ తినలేదు. "తల ప్రాణం తోకకొచ్చింది" అని అత్తయ్య నేర్పితే, వెనక్కి తిరిగి చూసుకుని, "నాకు లేదు. మీకు ఉందా?" అని అడిగింది. పనికి నడుం బిగించాలని ఒకరోజు, నడుం వంచాలని మర్నాడు చెబితే ఆవిడకు ఒళ్లు మండింది.

"నిన్న బిగించాను. ఇవాళ వంచాలా? బిగించిన నడుం ఎలా వంగుతుంది?"

అత్తయ్య నడుం పట్టుకుని, "అందుకేనండీ మాకందరికీ నడుం నొప్పి" అంది.

సాయంత్రం షిఫ్టు అయిపోగానే మేడమ్ చేతులు దులుపుకుని "లెట్స్ కాల్ ఇట్ ఎ డే" అనేది, ఇవాళ్టికి చాలిద్దామని. అత్తయ్య అదే మాట ఇంట్లో అంట్లు తోమాక అనేది. మామయ్యకు ఆ మాట నచ్చి, పేపరు చదివి మడిచాక కూడా అనేవారు.

మామయ్య కళ్లకు ఆపరేషన్ చెయ్యాలన్నప్పుడు అత్తయ్యకు సెలవు దొరకలేదు. రోలరు దగ్గర మనుషులు తక్కువగా ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక మెట్ల మీద కూర్చుని ఉంటే, మేడమ్ వచ్చి, "వెళ్లండి. మీ చోట నేను నిలబడతాను" అంది. "మీరా! రోలరు దగ్గరా!" అంటే, "మెనీ హ్యాండ్స్ మేక్ లైట్ వర్క్" అని చొక్కా చేతులు పైకి మడుచుకుంది. తలో చెయ్యీ వేస్తే పని తేలికవుతుందని. తన పనంతా తెల్లవారుజామునే వచ్చి ముగించుకుని, మిగతా పగలంతా మామూలు మనిషిలా దుప్పటి కొస పట్టుకుని నిలబడింది. మామయ్యకు కట్టు విప్పి, అత్తయ్య తిరిగి పనిలోకి వచ్చేదాకా అలాగే చేసింది. ఆయనకు చూపు బాగానే నిలబడింది. "నా రెండు కళ్లూ ఆ మేడమ్ చలవే" అని మామయ్య అంటే, "డాక్టరు ఏమయ్యాడు మరి?" అని మేమందరం నవ్వేవాళ్లం. కానీ ఆయన మాటలో ఆయనకు పూర్తి నమ్మకం.

నేను కోడలిగా వచ్చాక, ఒక మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి. వార్డులకు వెళ్లాల్సిన దుప్పట్లు ట్రాలీల్లో సర్దుతున్నారు. మేడమ్ చెవి మీది పెన్సిలు తీయబోయింది, అది చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోయి, తీసుకోలేక, దాని వంకే చూస్తూ నిలబడింది. అత్తయ్య "ఏమైంది మేడమ్?" అంటే ఆవిడ ఏదో చెప్పింది. అది ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది. పెదవి ఒకపక్కకు జారింది.

అత్తయ్య ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. "బాబాయ్, ట్రాలీ ఖాళీ చెయ్!" అని కేకేసింది. ఉతికి మడిచిన దుప్పట్లన్నీ నేలపాలయ్యాయి. దుప్పట్లు తప్ప మనుషులెవరూ ట్రాలీ ఎక్కకూడదని కచ్చితంగా రూలు పెట్టిన మనిషినే దాని మీద పడుకోబెట్టి, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని నడవా పొడవునా తోసుకుంటూ, లిఫ్టెక్కించి, అత్యవసర విభాగంలోకి తీసుకెళ్లారు. పక్షవాతం. వేళకు తెచ్చారు కాబట్టి ప్రాణం దక్కిందన్నారు డాక్టర్లు. కుడిచెయ్యి పడిపోయింది. మెదడులో మాటల చోటు దెబ్బతింది.

మేడమ్‌కు పెళ్లికాలేదు. దూరాన ఒక తమ్ముడున్నాడు. వచ్చాడు, మంచివాడే, కొన్నాళ్లుండి, చెయ్యాల్సిన ఏర్పాట్లు చేసి, ఉద్యోగానికి వెళ్లక తప్పక వెళ్లాడు. అత్తయ్య షిఫ్టు అవ్వగానే వార్డుకు వెళ్లేది. నేను పనిచేసే బేకరీ ఆసుపత్రి దారిలోనే కాబట్టి, సాయంత్రం స్కూటరు మీద వెళ్లి ఆవిడను ఇంటికి తీసుకొచ్చేదాన్ని. అలా నేనూ మేడమ్‌ను చూశాను. అన్నీ అర్థమవుతున్నాయి ఆవిడకు. కళ్లలో తెలుస్తోంది. కానీ ఏమడిగినా నోట్లోంచి "నో, నో" అనే వస్తుంది. అవునన్నా అదే, కాదన్నా అదే. మంచినీళ్లు కావాలని "నో" అంటుంది, ఇవ్వకపోతే కోపంతో కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. జనం పలకరించడానికొస్తే గోడవైపు తిరిగి పడుకునేది. ఒకప్పుడు అన్ని మాటలూ అంత నిఖార్సుగా పలికిన మనిషి.

మాట మళ్లీ నేర్పడానికి ఒక డాక్టరమ్మ రోజూ వచ్చేది. చిన్న వయసు, చాలా ఓపిక. బొమ్మలు చూపించి పేర్లు చెప్పించాలని చూసేది. ఒకరోజు బయటికొచ్చి నన్నూ అత్తయ్యనూ అడిగింది.

"మాటలు పోయినా, ఒక్కోసారి బాగా నోటికి అలవాటైపోయినవి లోపల చెక్కుచెదరకుండా ఉంటాయండీ. పాటలు, వారాల పేర్లు, సామెతలు అలాంటివి. పాటలు ప్రయత్నించాను, ఆవిడకు పెద్దగా రావనుకుంటా. తమ్ముడుగారిని అడిగితే తనకూ తెలియదన్నారు. ఆవిడ ఎప్పుడూ అనే మాటలు ఏవైనా మీకు తెలుసా?"

అత్తయ్య నా వంక చూసింది. "ఎప్పుడూ అనే మాటలా?" అంది. "అమ్మా, నా తల నిండా అవే ఉన్నాయి."

"అయితే మీరే మొదలుపెట్టండి. సగం చెప్పి ఆగండి. తొందరపెట్టకండి. రాకపోతే బాధపడినట్టు కనిపించకండి."

అత్తయ్య మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతు సవరించుకుంది. పరీక్షకు కూర్చున్న పిల్లలా చేతులు ఒళ్లో పెట్టుకుంది. మేడమ్ గోడవైపే తిరిగి ఉంది.

"మేడమ్... మెనీ హ్యాండ్స్..."

ఏమీ లేదు. కిటికీ అవతల ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అత్తయ్య మళ్లీ అంది, ఈసారి లాండ్రీలో అన్నట్టే, కొంచెం గట్టిగా. "మెనీ హ్యాండ్స్..."

"మేక్ లైట్ వర్క్" అంది మేడమ్, గోడతో.

అంది, అని తనే ఉలిక్కిపడింది. ఇటు తిరిగింది. మంచి చెయ్యి నోటి మీద పెట్టుకుని, ఆ మాట ఎక్కణ్ణుంచొచ్చిందా అన్నట్టు మా ముఖాలు చూసింది. అత్తయ్య ఏడుపు మింగి, "లెట్స్ కాల్ ఇట్..." అంది. "ఎ డే!" "రోమ్ వాజ్ నాట్ బిల్ట్..." "ఇన్ ఎ డే!" ఒకదాని వెనక ఒకటి, తుప్పు పట్టకుండా, పొల్లుపోకుండా వస్తున్నాయి. మేడమ్ నవ్వుతోంది, ఏడుస్తోంది. నేను ఆ గదిలో నిలబడలేక నడవాలోకి వచ్చేశాను.

డాక్టరమ్మ సంతోషపడింది గానీ మమ్మల్ని ఆకాశానికి ఎక్కనివ్వలేదు. "ఇవి ఆవిడ ఇప్పుడు కూర్చుకున్న మాటలు కావు. ఎప్పుడో అచ్చుపడిపోయినవి. వీటినుంచి ఒక్కో ముక్కా విడదీసి, సొంతానికి వాడుకోవడం నేర్పాలి. చాలాకాలం పడుతుంది" అంది. ఎలాగో చూపించింది. అత్తయ్య అలాగే చేసింది. "మేక్ లైట్ వర్క్" అనిపించి, నెత్తిమీది దీపం చూపించి "లైట్" అనిపించేది. "హ్యాండ్స్" అనిపించి చెయ్యి పట్టుకునేది. మొదటిసారి మేడమ్ తనంతట తను ఒక పనికి వాడిన మాట ఆ "లైట్". దీపం కళ్లలో పడుతోంది, ఆర్పమని. నర్సు ఆర్పింది. తను చెప్పింది ఒకరికి అర్థమై పని జరిగిందని మేడమ్ ఎంత పొంగిపోయిందో! మళ్లీ వేయించింది, మళ్లీ ఆర్పించింది. నర్సు విసుక్కోలేదు. ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించాక కూడా అత్తయ్య వెళ్లడం మానలేదు. మేడమ్ ఇల్లు ఆసుపత్రికి దగ్గర్లోనే, మొదటి అంతస్తులో రెండు గదులు. పగలు కనిపెట్టుకుని ఉండడానికి ఒక ఆయాను తమ్ముడు పెట్టాడు. సాయంత్రం అత్తయ్య. కుడిచేతికి పని చెప్పడానికి చేతిగుడ్డలు ఎదురుగా కుప్పపోసి, ఇద్దరూ మడతలు పెట్టేవారు. ఇంట్లో మామయ్యకు మొదట్లో ఉడుకుబోతుతనం వచ్చింది.

"ఇంట్లో నేనొక మనిషినున్నానని గుర్తుందా?"

"మీ రెండు కళ్లూ ఎవరి చలవో గుర్తుందా?"

మర్నాటి నుంచి ఆయన, మేడమ్‌కు గట్టివి మింగుడు పడవని తెలిసి, మెత్తగా ఉడికించి, మెదిపి, వేరే డబ్బాలో కట్టివ్వడం మొదలుపెట్టారు. ఆ డబ్బా ఎప్పుడూ ఖాళీగానే తిరిగొచ్చేది. ఆయనకు అదొక బిరుదు.

అన్ని రోజులూ ఒక్కలా ఉండవు. ఒకరోజు మేడమ్ ఎంత ప్రయత్నించినా "క్లాత్" అనే మాట రాలేదు. ఒక మాట అనబోతే ఇంకొకటి వస్తోంది. మడతలన్నీ మంచి చేత్తో నేలకేసి కొట్టి, తల పట్టుకుని, "బ్యాక్ టు స్క్వేర్ వన్!" అని అరిచింది. స్పష్టంగా, గంట కొట్టినట్టు. కథ మళ్లీ మొదటికొచ్చిందని దానర్థం. అత్తయ్యకు నవ్వు ఆగలేదు.

"మేడమ్! ఇంత పొడుగు మాట ఇంత చక్కగా చెప్పి, మొదటికొచ్చానంటారేమిటండీ!"

మేడమ్ కాసేపు కోపంగా చూసింది. తరవాత ఆవిడ భుజాలు కూడా ఊగడం మొదలుపెట్టాయి. నేను మెట్లెక్కి వచ్చేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని, చుట్టూ చేతిగుడ్డలు, గుక్కతిప్పుకోలేకుండా ఉన్నారు.

ఆ ఏడాదే నాకు పాప పుట్టింది. పాప పాకే వయసు వచ్చాక, అత్తయ్య దాన్ని చంకనేసుకుని మేడమ్ ఇంటికి తీసుకెళ్లేది. "మన ఇంట్లో ఒకేసారి ఇద్దరికి మాటలొస్తున్నాయి" అనేవారు మామయ్య. పాపకు మేడమ్ తప్పులు పలికినా పట్టింపు లేదు. అది చప్పట్లు కొట్టేది. పెద్దవాళ్ల ముందు నోరు విప్పడానికి సిగ్గుపడే మేడమ్, దాని ముందు గంటలకొద్దీ ప్రయత్నించేది. "బాల్", "బర్డ్", "మిల్క్" అన్నీ దానితో పాటే నిలబడ్డాయి. అయినా అవి విడివిడి మాటలు. రెండు మూడు మాటలు అతికించి ఒక వాక్యం చెప్పడం మాత్రం చేతకాలేదు. అతుకుతో వచ్చేవన్నీ ఆ పాత సామెతలే. వాక్యాలు రాకపోవచ్చు, ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ కూడా మెల్లగా చెప్పింది.

ఒక సాయంత్రం మేడమ్ ఇంటి బాల్కనీలో కూర్చున్నాం. అత్తయ్య రోజంతా నిలబడి వచ్చింది, అలసటగా కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. పొద్దు వాలుతోంది. ఎండ ఏటవాలుగా వచ్చి ఆవిడ ముఖం మీద పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని పాప చేష్టల గురించి ఏదో చెబుతోంది. మేడమ్ వినడం లేదు. పెదవులు కదుపుతోంది. మూడుసార్లు మొదలుపెట్టి ఆగింది. ఇంగ్లీషులోనే, ఒక్కో మాటా చీకట్లో తడుముకుని తెచ్చినట్టు అంది.

"కుర్చీ... ఇటు... జరుపుకో. ఎండ... నీ కళ్లల్లో... పడుతోంది."

అత్తయ్య చెయ్యి దించింది. అది సామెత కాదు. ఎవరూ సగం అందించలేదు. ఎదురుగా ఉన్న మనిషికి ఎండ తగులుతోందని చూసి, ఆ మనిషికోసం సొంతంగా కట్టుకున్న మాట. అత్తయ్య లేచి కుర్చీ జరుపుకుని కూర్చుంది. నేను పాపను ఎత్తుకునే నెపంతో ముఖం తిప్పుకున్నాను. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక, స్కూటరు పట్టుకుని అత్తయ్య వెక్కి వెక్కి ఏడ్చింది. దారిన పోయే ఆయన ఒకరు ఆగి, "ఏమైందమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగారు. "లేదండీ, ఒకావిడ తిరిగొచ్చింది" అని చెప్పాను నేను. ఆయనకు ఏమర్థమైందో తెలియదు.

మేడమ్ మళ్లీ ఉద్యోగంలోకి వెళ్లలేదు. మాట నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగానైనా పనికొచ్చేంత వచ్చింది. కొట్టుకు వెళ్లి కావలసింది అడిగి తెచ్చుకోగలదు. తమ్ముడితో ఫోనులో మాట్లాడగలదు. కుడిచెయ్యి కప్పు పట్టుకుంటుంది, పెన్సిలు పట్టుకోదు. లాండ్రీకి కొత్త పెద్దను వేశారు. రోలరు దగ్గర కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత అత్తయ్యకు అప్పగించారు. కొస ఎక్కడ పట్టాలో చెయ్యి పట్టి చూపించేది, మధ్యాహ్నం అందరూ తిన్నారో లేదో చూసేది. తను పని మానేసే రోజున ఆసుపత్రివాళ్లు నాలుగు మాటలు చెప్పమంటే లేచి నిలబడి, "నాకు పని ఇచ్చినవాళ్లకు, నేర్పినవాళ్లకు, నా తప్పులు సర్దినవాళ్లకు దండం" అని కూర్చుంది. మేడమ్ అప్పుడు మొదటి వరసలో ఉంది.

ఒకసారి నేనడిగాను. "అత్తయ్యా, అన్నేళ్లు మీరు ఆవిడకు చేశారు. మళ్లీ మీరే ఆవిడకు రుణపడ్డట్టు మాట్లాడతారేమిటి?"

"నలభై దాటినదాన్ని, ఇంగ్లీషు ముక్క రానిదాన్ని, కళ్లు తిరిగి పడిపోయినదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించి పని నేర్పింది అమ్మాయ్. ఆ ఓపిక ఎవరికుంటుంది? నాకు పని రాకపోయుంటే ఈ ఇల్లెక్కడిది, మీ ఆయన చదువెక్కడిది? నేను చేసింది ఏముంది? సగం మాట అన్నాను, మిగతా సగం ఆవిడే అంది."

ఇప్పుడు వారానికోసారి డాక్టరమ్మ పిలుపు మీద ఇద్దరూ ఆసుపత్రికి వెళతారు. మాట పోయి కొత్తగా వచ్చినవాళ్ల పక్కన మేడమ్ కూర్చుంటుంది. ఆవిడ తడబడుతూ పలకడం చూసి వాళ్లకు ధైర్యం వస్తుందట. ఎవరికి ఏ భాష నోటికి అలవాటో, ఏ మాట అలవాటో అత్తయ్య ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకుంటుంది. మొన్న ఒక పెద్దాయనకు ఏ సామెతా రాలేదు గానీ, భార్యను విసుక్కునే మాట మాత్రం చక్కగా వచ్చిందట. ఆ భార్య సంతోషంతో ఆయన చెయ్యి వదల్లేదట. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ అత్తయ్య, పక్కనుంచి ఒక్కో మాట కలుపుతూ మేడమ్, ఇద్దరూ కలిసి మామయ్య వడ్డించినదాన్ని చల్లారబెట్టేశారు. "ముందు తినండి తల్లీ, మాటలు ఎక్కడికీ పోవు" అన్నారాయన, మళ్లీ వేడి చెయ్యడానికి గిన్నెలు తీసుకెళుతూ.